చుక్క పెట్టని నకల్ సాబ్

జహీరాబాద్ తాలూకా కచ్చేరిలో నకళ్ల విభాగానికి చిరకాలం చక్రవర్తిగా వెలిగి, ఈమధ్యనే విశ్రాంతి తీసుకున్న సయ్యద్ కరీముద్దీన్ సాబ్ గత శుక్రవారం దివంగతులయ్యారన్న దుర్వార్త నాకు బస్టాండు ఎదుటి హోటల్లో, చాయ్ సాసర్లో పోసుకొని ఊదుకుంటున్న సమయాన, బీదరు బస్సు కండక్టరు నోట చేరింది. నేను నమ్మలేదు. దుఃఖం వల్ల కాదు, శిక్షణ వల్ల. "నోటిమాటకు మొహరు లేదు పంతులూ, అసల్ చూడు" అని ఏళ్ల తరబడి పక్క బల్ల మీంచి నా చెవిలో నూరిపోసిన మహానుభావుడి మరణాన్ని ఒక కండక్టరు మాట మీద ఎట్లా అంగీకరించడం? చాయ్ వదిలేసి వారి ఇంటికి పరుగెత్తాను. అసల్ చూశాను. గడ్డానికి ఎప్పటిలాగే నల్లరంగు. ముఖాన ఎప్పటిలాగే "వరసల నిలబడున్రి" అనే గాంభీర్యం. ఆ రోజు మాత్రం వరసలో అందరికంటే ముందు ఆయనే వెళ్లిపోయారు.

సాబ్‌ను ఎరగని దురదృష్టవంతుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. పాత కాగితానికి ప్రతి కావలసిన ప్రతి జీవీ, అది పొలం పట్టా కానీ, పుట్టిన తేదీ కానీ, తాతగారి బావి కానీ, అర్జీ చేతబట్టుకొని ఆయన కిటికీ ముందు నిలబడవలసిందే. మా తాలూకాను బీదరు జిల్లాలోంచి తీసి మెదకు జిల్లాలో కలిపిన కొత్తలో, ఎర్రబట్ట మూటల్లో దస్త్రాలు లారీలకొద్దీ వచ్చి రికార్డు గదిలో గుట్టగా పడ్డాయి. ఆ గుట్ట ఎత్తు విషయంలో అతిశయోక్తి నాకు ఇష్టం లేదు. శిఖరం మీద మబ్బులు నిలిచేవని మాత్రం చెప్పి ఊరుకుంటాను. రాత అంతా ఉర్దూ. కొత్తగా వచ్చిన అధికారులకు ఉర్దూ రాదు. వచ్చిన రైతుల్లో చాలామందికి ఏదీ చదవరాదు. చెదలకు మాత్రం అన్ని లిపులూ సమానమే. ఈ త్రివిధ సంకటం నడుమ సాబ్ ఉర్దూ నకలు తీస్తే, దాని కింద తెలుగు చేసే భాగ్యం నాకు దక్కింది.

చేరిన కొత్తలో నేను ఒక అర్జీదారుణ్ణి "ఈ కాగితం నీకెందుకు?" అని అడిగాను. సాబ్ కళ్లద్దాలు తీసి నన్ను ఆపాదమస్తకం చూశారు. ఆ అద్దాల మందం సీసా అడుగుభాగం మందం. అవి లేకుండా నేను ఆయనకు పొగమంచులా కనిపిస్తానని తెలిసి కూడా వణికాను. "ఎందుకని అడగొద్దు పంతులూ. ఏది, ఏ ఊరిది, ఏ సాలుది, గంతే అడుగు. ఎందుకన్నది వాని ఇల్లు" అన్నారు.

ఇక ఆయన ప్రతిష్ఠించిన మహాసంప్రదాయం ఒకటుంది. నకలు పూర్తయ్యాక మొహరు వేసే ముందు, వరండాలోకి వచ్చి ఆసాంతం గట్టిగా చదివి వినిపించేవారు. ఉర్దూలో ఒకసారి, మన భాషలో ఒకసారి. ఆ గొంతు సవరింపుకు ఆమడ దూరంలోని ఝరాసంగంలో పావురాలు లేచేవని ప్రతీతి. చదవడం అయ్యాక నలుదిక్కులా చూసి, "ఎవరికన్న ఉజర్ ఉన్నదా?" అనేవారు. అభ్యంతరం అన్న మాటకు కచ్చేరిలో అదే పేరు. ఎవరూ మాట్లాడకపోతేనే మొహరు పడేది. ఇదెక్కడి రూలు అని నేను అడిగితే, "ఇంటికి పోయినంక తప్పున్నదని తెలిస్తె మళ్ల గంత దూరం ఎవరు నడుస్తరు, నువ్వా?" అన్నారు.

ఈ పారాయణం వల్ల సంసారాలు నిలిచాయి, సంబంధాలు కూలాయి. రాయికోడ్ నుంచి ఒక పెద్దమనిషి తన జన్మతేదీ నకలు కోసం వచ్చాడు. రెండో పెళ్లి ప్రయత్నంలో ఉన్నాడు. వరండాలో బెంచీ మీద, వేరే పని మీద వచ్చిన పెళ్లికూతురి మేనమామ కూర్చుని ఉన్నాడని సాబ్‌కు తెలియదు, పెళ్లికొడుకుకు అంతకంటే తెలియదు. సాబ్ పుట్టిన సంవత్సరం చదివారు. మేనమామ వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి, వేళ్లు చాలక పక్కవాడి చెయ్యి అడిగి పుచ్చుకున్నాడు. "ఉజర్ ఉన్నదా?" అంటే, "ఉన్నది సాబ్, కాగితం మీద గాదు" అని లేచి వెళ్లిపోయాడు.

కానీ ఆయన సర్వ విద్యకూ పరీక్ష పెట్టింది సంగమ్మ. ఝరాసంగం వైపు పల్లె, భర్త పోయిన మనిషి. అల్లం మడి ఉంది, దానికి నీరిచ్చే బావి ఉంది. పక్క చేని మాణిక్ పటేలు ఆ బావి మీద మోట కట్టనివ్వడం లేదు. మడి నీదే గానీ బావి ఉన్న చేను మా నాయనది అంటాడు. సంగమ్మ మామ పేరు బీరప్ప. పటేలు తండ్రి పేరు పీరప్ప. పాత కాగితం నకలు తెస్తే తేలుస్తానన్నారు తహసీల్దారుగారు. అంతదాకా అల్లం ఆగాలి కదా.

సాబ్ మూట విప్పారు. కాగితం దొరికింది, దొరికాక ఆయన ముఖం వాడింది. ఏనాటి గుమాస్తాయో గొలుసుకట్టు రాతలో, చుక్కలు పెట్టే తీరిక లేక రాసి పారేశాడు. ఉర్దూలో ఆ మొదటి అక్షరం కింద ఒక చుక్క ఉంటే బీరప్ప, మూడుంటే పీరప్ప. కాగితం మీద ఒక్కటీ లేదు.

సాబ్ ఉన్నదున్నట్టు చుక్క లేని నకలు తీసి చేతులు దులుపుకున్నారు. ప్రాణం మీదికి వచ్చింది నాకు. చుక్క లేని ఆ అక్షరాన్ని తెలుగులో ఏ వర్ణమాలలోంచి తెచ్చి రాయను? చివరకు ఒక అడ్డగీత గీసి, పక్కన "రప్ప" అని పెట్టాను. తెలుగు లిపి పుట్టిన తరువాత అంతటి సాహసం జరగలేదని నా నమ్మకం.

సంగతి తెలిసి పటేలు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"మూడు చుక్కలే గద సాబ్. పెడితె మీ కలం అరుగుతదా?"

"నకల్ అంటె ఏంది పటేలా?"

"ఉన్నది ఉన్నట్టు."

"లేనిది?"

పటేలు గొంతు తగ్గించాడు. "ఒక గంపెడు అల్లం ఇంటికి పంపిస్త."

"ఏ బాయి నీళ్ల అల్లం?" అన్నారు సాబ్.

అతడు వెళ్లాక సంగమ్మ వచ్చింది. "ఆయనకు మూడు గావాలె సాబ్. నాకు ఒక్కటే" అంది.

"ఒక్కటైన గంతే బిడ్డా. నేను సదివేటోణ్ణి, పెట్టేటోణ్ణి గాదు."

"మంచిది. నా మడి ఎండుతది, మీ కాగితం సల్లగుంటది."

 ఆ మధ్యాహ్నం సాబ్ రెండో చాయ్ తెప్పించలేదు. ఆయన జీవితంలో దానిని ఉపవాసంగా లెక్కించాలి.

మర్నాడు వరండాలో పారాయణం. జనం కిక్కిరిశారు. పేరు వచ్చిన చోట సాబ్ పెదవులు బిగించి, గాలి మింగి, "మ్మ్...రప్ప" అన్నారు. పటేలు విసుక్కున్నాడు. "గదేం సదువుడు సాబ్? పీరప్ప అని సదువున్రి."

"నీ మాట మీద సదువుత. సదివితె తప్పు లేదు, రాస్తెనే తప్పు" అని గొంతు సవరించారు. "చేను, అందులున్న బాయి, పీరప్పవి. తూర్పు హద్దు, పీరప్ప చేను."

సంగమ్మ కొంగు సర్దుకొని ముందుకొచ్చింది. "ఆగున్రి సాబ్. మళ్ల సదువున్రి."

మళ్లీ చదివారు.

"తన చేనుకు తనే పక్కోడు ఎట్లయితడు? గీ కాగితంల ఇద్దరున్నరు సాబ్. తూర్పుకున్నది ఎవలు పటేలా?"

పటేలుకు వంశాభిమానం జాస్తి. ఆలోచించకుండా ఛాతీ విరిచాడు. "తూర్పుకు మేమే. తాతల నాటి నుంచి మేమే."

తూర్పు చేను పీరప్పదైతే బావి బీరప్పదేనని అన్నాక అర్థమైంది. అప్పటికి వరండా అంతా నవ్వుతోంది. మేమందరం చుక్క మీదే కళ్లు పెట్టి, కింది వరుసలో హద్దులు చూడనే లేదు. సాబ్ మాత్రం నవ్వలేదు. "ఎవరికన్న ఉజర్ ఉన్నదా?" అని విధిగా అడిగారు. పటేలు చెప్పులు వెతుక్కున్నాడు. మొహరు పడింది. అంతమంది విన్నది తహసీల్దారుగారూ విన్నారు. బావి సంగమ్మదైంది. ఆ నకలులో ఈనాటికీ చుక్క లేదు. దాన్ని పెట్టింది వరండా.

అంతటి ధీరోదాత్తుడు ఇంకొకరు మా కచ్చేరికి వస్తారన్న ఆశ నాకు లేదు. ఇప్పుడక్కడ నకళ్లు చకచకా చేతికిస్తున్నారు. వరండాలో నిశ్శబ్దం. పావురాలు నిర్భయంగా నిద్రపోతున్నాయి.

మొన్న సాబ్ మరణం తాలూకు నకలు తేవడానికి వారి అబ్బాయితో పురపాలక కార్యాలయానికి వెళ్లాను. పలకరింపుకు వచ్చిన సంగమ్మా వెంట నడిచింది. చంకన అల్లం గంప. "నా బాయిదే" అని దారిలో రెండుసార్లు చెప్పింది. కిటికీలోని కొత్త గుమాస్తా కాగితం మీద మొహరు వేసి మా వైపు తోశాడు.

"సదివి ఇనిపియ్యి బిడ్డా" అంది సంగమ్మ.

"ఎందుకమ్మా, అంత సాఫుగనే రాసిన."

"మా సాబ్ నకల్ గది. సదవకుంట తీసుకోం."

ఆ కుర్రవాడికి ఏమనిపించిందో, లేచి నిలబడి చదివాడు. పేరు, తండ్రి పేరు, ఊరు. వయసు దగ్గర నేను చెవులు రిక్కించాను. ఊరందరి కాగితాలూ చదివి వినిపించిన సాబ్ ఎవరికీ వినిపించని కాగితం అదొక్కటే. గుమాస్తా చదివాడు. నల్లగడ్డం ఇన్నాళ్లు ఎంత మోసం చేసిందో తెలిసి అబ్బాయితో సహా అందరం నవ్వాం. అంకె ఎంతో నేను చెప్పను. కావలసినవారు అర్జీ పెట్టుకోండి.

చదవడం అయిపోయింది. ఒక్క తప్పయినా దొరకకపోతుందా అని ప్రతి మాటా విన్నాను. పేరు సరిగ్గా ఉంది. తేదీ సరిగ్గా ఉంది. ఆనవాయితీ తప్పకూడదని నేనే అడిగాను, "ఎవరికన్న ఉజర్ ఉన్నదా?"

"నాకున్నది" అంది సంగమ్మ.

గుమాస్తా కాగితం వైపు చూశాడు. మొహరు అప్పటికే పడింది.