సోడా లాక్కున్న అమ్మాయి

ఆస్పత్రికని అమీర్‌పేటలో బస్సెక్కేసరికి మా తమ్ముడికి కడుపునొప్పి మొదలై ఒక రోజు దాటింది. గ్యాసేనని ఇంటిల్లిపాదీ తేల్చేశాం. మా ఇంట్లో ఏ నొప్పికైనా ముందు సోడా, తర్వాతే డాక్టరు.

బస్సు గుంతలో పడింది. తమ్ముడు కెవ్వుమన్నాడు. మళ్ళీ గుంత, మళ్ళీ కేక! నేను సోడా మూత తీసి వాడి నోటికి అందించబోయాను. ఎదురు సీట్లో తెల్లకోటు మడిచి ఒళ్ళో పెట్టుకున్న అమ్మాయి చటుక్కున ఆ సీసా లాక్కుంది.

"ఏం తాపకు అక్కా! ఆపరేషన్ అవసరం పడొచ్చు."

వాడి నాడి పట్టుకుంది. "నీ పేరేంది తమ్మీ?" అనడిగింది. వాడు వణుకుతూ "పంజాగుట్ట" అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. "పేరడిగితే బస్టాపు చెప్తుండు, సోయి తప్పుతుండు. కడుపుల ఏదో పగిలినట్టుంది. గా విషం రక్తంలకు ఎక్కుతున్నట్టుంది. లైన్ల నిలబడకు, సీదా ఎమర్జెన్సీకి పో. సెప్సిస్ అనుమానమని చెప్పు! డ్రైవరన్నా, జర ఆపు!"

బస్సు ఆగింది. జనమంతా లేచారు. ఎవరో వాణ్ణి ఎత్తుకున్నారు, ఎవరో ఆటోకి అడ్డం నిలబడ్డారు.

ఆస్పత్రిలో ఆమె మాటే అప్పజెప్పాను. అప్పటికప్పుడే సెలైన్, యాంటీబయాటిక్ ఎక్కించారు. సాయంత్రానికి ఆపరేషన్ చేశారు. పగిలింది అపెండిక్స్.

ఆమె పేరడగలేదు. సోడా కూడా ఆమె చేతిలోనే ఉండిపోయింది. తమ్ముడు మాత్రం ఇప్పుడు బస్సెక్కితే కుదుపులెక్కువుండే చివరి సీటే వెతుక్కుంటాడు. గుంత వచ్చినప్పుడల్లా, "అక్కా, ఏం నొస్తలేదు!" అని బస్సంతా వినబడేలా అరుస్తాడు.