తంబు వేసిన రాయి

ఈ ఫిజీ దీవుల్లో సువా పట్నంలో చూడదగ్గవి ఏమిటని ఇప్పుడు ఎవరైనా అడిగితే నాకు నవ్వొస్తుంది. నేను గిరిమిట్టు మీద, అంటే వేలిముద్ర వేసిన కూలి ఒప్పందం మీద, అక్కడ రోడ్డు పని చేసిన రోజుల్లో చూడదగ్గవి మూడే మూడు. రేవు, గుట్ట మీద జెండా కర్ర, ఊరి చివర ఒక రాయి. రేవు ఎలాగూ ఓడ దిగగానే కనిపిస్తుంది. జెండా ఎప్పుడు చూసినా వానకు తడిసి ముద్దగా కర్రను కరుచుకుని ఉండేది. ఇక మిగిలింది రాయి. సిడ్నీ నుంచి వచ్చే పొగ ఓడ బొగ్గు ఎక్కించుకునే నాలుగు గంటల్లో దొరలకూ దొరసానులకూ ఏదో ఒకటి చూపించాలి కదా, దాన్నే చూపించేవారు.

చూపించే పని మా కులంబర్ది. మమ్మల్ని పనికి తోలే తెల్లవాణ్ణి కులంబర్ అనేవాళ్ళం. పొద్దున్నే వరసలో నిలబెట్టి 'కాల్ నంబర్' అని అరిచేవాళ్ళు కాబట్టి ఆ పేరు పడిపోయింది. మనిషి చెడ్డవాడని అనను, మంచివాడని అంతకన్నా అనను. పెద్ద దొర ఒక్కసారి భుజం తడితే చాలు, ఆ పూట అన్నం కూడా తినడు. అంత మెప్పు పిచ్చి.

ఒకరోజు నన్ను పిలిచి, వచ్చీరాని హిందుస్తానీలో చెప్పాడు. వచ్చే ఆదివారం పెద్ద ఓడ వస్తోందట. రాయి చుట్టూ గడ్డి చెక్కి శుభ్రం చేయాలట. పని బాగుంటే నా కాయితం సంగతి చూస్తాడట.

ఆ కాయితం ఏమిటో చెప్పాలి. మా పెళ్ళి ఓడలో జరిగింది. తోటి ఓడవాళ్ళే పెద్దలు, పసుపుకొమ్ము కట్టిన తాడే తాళి. ఓడ దిగాక కూలీలను పంచే డిపోలో గుమాస్తా మహానుభావుడు ఆ పెళ్ళిని ఎక్కడా రాసుకోలేదు. నన్ను సువాలో దింపి, ఆమెను నది అవతల చెరకు ఎస్టేటుకు తోలేశారు. నెలకో ఆదివారం పాసు మీద కలుసుకునేవాళ్ళం. మొదటి బిడ్డ అక్కడే పుట్టాడు. పాలిచ్చే తల్లి అయినా ఆ రోజు పని ఆ రోజు కావాల్సిందే. బిడ్డను గట్టు మీద గోనె పరిచి పడుకోబెట్టి ఆమె చెరకు సాళ్ళలోకి దిగేది. ఆ ఎండకూ ఆ వానకూ తట్టుకోలేక వాడు ఆరో నెలలో ఆ గట్టు మీదే పోయాడు. కబురు నాకు నాలుగు రోజులకు గానీ అందలేదు. ఇప్పుడు రెండోది ఆడపిల్ల, మూడు నెలల గుడ్డు, అదే గట్టు మీద అదే గోనె మీద పడుకుంటోంది. ఆమెను సువాకు మార్చే కాయితం మీద కులంబర్ సంతకం పెడితే ఆ పిల్ల బతుకుతుంది. లేకపోతే ఏమవుతుందో మాకు తెలుసు. అందుకే పార తీసుకుని ఆ రాయి దగ్గరికి పరుగెత్తాను.

రాయి నడుమెత్తు ఉంటుంది, నల్లగా, నున్నగా. చూడగానే అమ్మోరే అనుకున్నాను. పక్కనే ఒక పాక ముందు ముసలి ఫిజీ తాత కూర్చుని ఉన్నాడు. గుబురైన తెల్ల జుట్టు, నడుముకు గుడ్డ. నేను గడ్డి చెక్కినంతసేపూ ఊరుకున్నాడు. అమ్మోరికి ఒళ్ళు కడుగుదామని కుండతో నీళ్ళు పట్టుకుని దగ్గరికి వెళ్ళేసరికి గబుక్కున లేచాడు.

"సెంగా! సెంగా! తంబు!"

వాళ్ళ భాషలో 'బులా' అంటే దండం అని తప్ప నాకు ఒక్క ముక్క రాదు. అయితేనేం, తంబు అంటే తెలీదా? మా ఊరికి జమాబందీకి వచ్చిన దొర మామిడితోపులో వేసుకునే గుడ్డ ఇల్లు తంబు కాక మరేమిటి? ఇక సెంగా. సెనగలే! అమ్మోరు వానకు తడిసిపోతోంది, తంబు వెయ్యి, సెనగలు నైవేద్యం పెట్టు అంటున్నాడు పెద్దాయన. ఇన్ని సముద్రాలు దాటి వచ్చినా దేవతల మర్యాద ఒకటేనని నా కళ్ళు చెమర్చాయి కూడా. పిచ్చి సన్నాసిని!

మర్నాడు పని దిగాక నాలుగు వెదుళ్ళు, సిమెంటు బస్తాల మీద కప్పే పాత తార్పాలు ఒకటి తెచ్చి రాయి మీద పందిరిలా కట్టాను. ఆకులో సెనగ గుగ్గిళ్ళు పెట్టాను. తాత నెత్తి కొట్టుకున్నాడు. "తంబు! తంబు!" అని చేతులు బార్లా చాపి అరిచాడు. ఓహో, చిన్నదైపోయిందన్నమాట. చెవిటివాడి ముందు శంఖం ఊదితే కొరుకుతున్నావా అన్నాడట, ఆ చెవిటివాణ్ణి నేనే. మూడో రోజుకు ఇంకో తార్పాలు తెచ్చి నాలుగు వైపులా నేల దాకా దించేశాను. రాయి వెంట్రుక వాసి కూడా కనపడదు. నాకే ఏ వైపు తెరవాలో తెలియకపోతుంటే, బొగ్గుముక్కతో ఒక పక్క 'ఇటు గుమ్మం' అని తెలుగులో రాసుకున్నాను.

తాత ఆ తంబు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంకోసారి తిరిగాడు. తర్వాత నేల మీద కూలబడి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. వెనకటి ఓడలో వచ్చిన దొరలు బూట్లతో రాయెక్కి ఎలా నిలబడ్డారో, గుడ్డ కప్పుకున్న ఫోటో పెట్టె ముందు ఎలా మీసం దువ్వారో లేచి అభినయించి చూపించాడు. మళ్ళీ తంబు వైపు చెయ్యి చూపించి "వినాకా!" అన్నాడు. ఇంత చాకిరీ చేస్తే 'వినక' అంటాడేమిటి, నేను ఏం వినలేదని? నాకు ఒళ్ళు మండింది. మంచిది, సంతోషం అని చెప్పడమట అది. ఆ ముక్క చాలా రోజులకు గానీ తెలియలేదు. గుగ్గిళ్ళు మాత్రం ఆయన ఒక్క గింజ మిగల్చకుండా తిన్నాడు.

ఆదివారం వచ్చింది. అదే రోజు మా ఆవిడకు పాసు దొరికింది. పిల్లను వీపున కట్టుకుని పొద్దున్నే పడవలో దిగి, అడుగుతూ అడుగుతూ రాయి దగ్గరికి వచ్చేసింది. తంబును కింద నుంచి పైదాకా చూసింది.

"ఏటి మావా ఇది? రాయికి ఇల్లు కట్టినావు, నాకు కట్టనేదు."

నేను నోరు తెరిచేలోపే వాన దంచింది. సువా వాన సంగతి తెలిసిందే, చెప్పి రాదు. పిల్ల తడిసిపోతోంది. తాత లేచి వచ్చి, తానే తార్పాలు ఎత్తి, లోపలికి పొమ్మని ఆమెకు సైగ చేశాడు. ఆమె లోపల రాయి పక్కన కూర్చుని పిల్లకు పాలిస్తోంది. తాత గుమ్మానికి వీపు ఆనించి కూర్చున్నాడు. వాన వెలిసిందో లేదో, గొడుగులు వేసుకుని ఓడ దొరలూ దొరసానులూ దిగబడ్డారు. ముందు కులంబర్, పక్కన పట్నం పెద్ద దొర.

కులంబర్ తంబును చూశాడు. మొహం కుంకం బరిణె అయింది. నా చెవి దగ్గరికి వచ్చి, పళ్ళ బిగువున అడిగాడు.

"ఏ క్యా హై?"

"తంబు, సాబ్. పెద్దాయనే అడిగాడు."

"తంబు అంటే గుడారం కాదురా గాడిదా! ముట్టొద్దని! దగ్గరికి రావద్దని!"

సెంగా అంటే సెనగలు కాదని, వద్దు వద్దని అర్థమని కూడా ఆ తిట్ల వరసలోనే తెలిసింది. పోయింది, కాయితం పోయింది, పిల్ల పోయింది అనుకున్నాను. ఇంతలో ఒక దొరసాని రాయేదని అడిగినట్టుంది. పెద్ద దొర వింటున్నాడు. ఓ కూలివాడు తప్పు చేశాడని ఒప్పుకుంటే కులంబర్ పరువేం కాను? గొంతు సవరించుకుని, చెయ్యి గాల్లోకెత్తి, ఏదో పెద్ద ఉపన్యాసమే దంచాడు. ఈ రాయిని కంటితో చూడరాదని, గవర్నరైనా సరే లోపల కాలు పెట్టరాదని, వెయ్యేళ్ళ ఆచారమని చెప్పాడట. నన్ను తిడుతూ తర్వాత ఆయనే చెప్పాడు.

దొరలు టోపీలు తీశారు. రాయి కనిపించినప్పుడు బూట్లతో ఎక్కి తొక్కినవాళ్ళు, కనపడకపోయేసరికి పది అడుగుల దూరంలో నిలబడ్డారు! ఒక బక్క దొర చిన్న పుస్తకం తీసి, తార్పాలు మీద నేను రాసిన 'ఇటు గుమ్మం'ను ఎంతో శ్రద్ధగా, పాతకాలపు లిపి అనుకుని, సున్నాతో సహా దించుకున్నాడు. ఆ పుస్తకం ఇప్పుడు ఏ దేశంలో ఉందో గానీ, గుమ్మం ఎటో వాళ్ళకు ఇప్పటికీ తెలిసి ఉండదు.

సరిగ్గా అప్పుడే లోపల పిల్ల కెవ్వుమంది.

ఒక దొరసాని గొడుగు వదిలేసింది. తాత మాత్రం కదలలేదు, "తంబు" అన్నాడు నింపాదిగా. కులంబర్ నా మొహం చూశాడు, గుమ్మం దగ్గర మా ఆవిడ విప్పి పడేసిన పిల్ల తడి గోనె చూశాడు, అంతా అర్థమైంది. కానీ గవర్నరైనా వెళ్ళరాదని ఇప్పుడే అన్న నోటితో ఏమంటాడు? రాయే ఏడుస్తోందని చెప్పాడు. దొరలు ఓడ కూత వేసేదాకా కదలలేదు.

సాయంత్రం పడవ వేళయింది. నేను తార్పాలు ఎత్తి పిలిచాను.

"నానెల్లను," అంది. "పిల్లని మళ్ళీ ఆ గట్టు మీద ఎట్టను. సంపుతే సంపమను."

పాసు దాటితే జైలని బతిమాలాను. వినలేదు. తాత ఇంటి ఆడవాళ్ళు ఉడికించిన కర్రపెండలం తెచ్చి లోపలికి అందించారు. నాకు ఎంత భయమేసిందో, ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

సోమవారం పొద్దున్నే ఎస్టేటులో కూలీల మీద మేస్త్రీ, సర్దారు వచ్చాడు. ఒక ఆడమనిషి పారిపోయింది, ఈ తంబులో వెతకాలి అన్నాడు. అప్పుడే పెద్ద దొర తన ఇంటి చుట్టాల్ని వెంటబెట్టుకుని ఏడ్చే రాయిని వినిపించడానికి వచ్చి నిలబడి ఉన్నాడు. పక్కన చెమటలు కక్కుతూ కులంబర్. లోపల పిల్ల ఎవరి పరువూ చూడకుండా మళ్ళీ రాగం అందుకుంది.

"సాబ్, పత్థర్ రోతా హై?" అన్నాడు సర్దారు, రాయి ఏడవడమేమిటని నోరు వెళ్ళబెట్టి.

"హాఁ. రోతా హై," అన్నాడు కులంబర్. పాపం, ఆ మాట అంటున్నప్పుడు ఆయన కూడా ఏడవడానికి సిద్ధంగానే ఉన్నాడు.

సర్దారు దండం పెట్టి వెళ్ళిపోయాడు. పెద్ద దొర కులంబర్ భుజం తట్టి వెళ్ళాడు. అందరూ పోయాక కులంబర్ తంబు మీదికి ఉరికాడు. తాత లేవను కూడా లేవలేదు. ఒక్క మాటే అన్నాడు, "తంబు." కులంబర్ ఆగిపోయాడు. ఎందుకు ఆగాడో నాకు ఇప్పటికీ తెలీదు. తన అబద్ధాన్ని తనే నమ్మేశాడేమో.

"బయటికి రమ్మను," అన్నాడు నాతో.

"కాయితం ఇస్తే వస్తానను," అంది లోపల్నుంచి.

ఆయన తిట్టుకుంటూ, మోకాలి మీద పెట్టుకుని ఏదో గీకి, సంతకం చేసి, తార్పాలు కింద నుంచి తోశాడు. మాకు ఇంగ్లీషు రాదు. ఫిజీ అంటే రేవు అవతలే, వారంలో తిరిగి రావచ్చని చెప్పి కాయితం మీద మా వేలిముద్రలు వేయించుకున్నవాళ్ళను చూశాం కదా, మాకు కాయితమంటేనే దడ. అయినా ఆ గీతలతోనే ఆమె సువాలో మా కూలీల కొట్టాల లైన్లో వంట పనికి కుదిరింది. కులంబర్ కసిగా రాశాడో, తొందరలో రాశాడో, ఎవరూ ఆమెను మళ్ళీ అడగలేదు. తర్వాత రెండు ఓడల వాళ్ళు రాయి ఏడవడం లేదని గొణుక్కుంటూ వెళ్ళారట.

నాకు భాష కాస్త పట్టుబడ్డాక తాతను అడిగాను, గవర్నరుకు లేని అనుమతి మా ఆవిడకు ఎందుకిచ్చావని. "పాలు తాగే బిడ్డకు తంబు లేదు," అన్నాడు, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

గిరిమిట్టు తీరాక లంబాసా వైపు వచ్చి, ఈ వునిమోలి ఊళ్ళో కౌలు నేలలో చెరకు వేసుకున్నాం. మా గట్టు మీద ఏ కూలిమనిషి బిడ్డనూ మా ఆవిడ పడుకోనివ్వదు, తనే ఇంటికి ఎత్తుకొచ్చేస్తుంది. ఆ ఏడ్చిన పిల్ల మిషన్ బడిలో ఇంగ్లీషు నేర్చింది. ఒకరోజు రేకు పెట్టె సర్దుతూ ఆ కాయితం తీసి, కూడబలుక్కుంటూ చదివింది.

"ఈ ఆడమనిషినీ బిడ్డనూ ఇక్కడి నుంచి కదల్చరాదు. తంబు."

అంతే ఉంది. నేను డొక్కలు పట్టుకుని నవ్వాను. దొర రాసిన సర్కారు కాయితంలో తంబు! నవ్వీ నవ్వీ మా ఆవిడ వైపు తిరిగాను. ఆమె నవ్వడం లేదు. కూతురి చేతిలో కాయితం తీసుకుని, చదవడం రాకపోయినా, ఆ చివరి మాట ఎక్కడుందో అడిగి దాని మీద వేలు పెట్టింది.

"ఇంత సిన్న ముక్కేనేటి మావా," అంది. "గట్టున పోయిన మన పెద్దోడి మీద ఈ ముక్క ఎవులూ అన్నేదు."