నా ముగ్గుల మీద ఆయన వరిపొలం

మొన్న మా కంప్యూటర్ మొరాయిస్తే గుణదలలో మా వీధి చివరనున్న షాపులో ఇచ్చాను. కొత్త డిస్కు వేసిన షాపాయన, "ఇంక జన్మలో దేన్నీ డిలీట్ చేయక్కర్లేదండీ, బోలెడంత ప్లేసు" అన్నాడు. సంతోషించాల్సిన మాటే గాని నా మనసు చివుక్కుమంది. డిస్కు నిండిందని కంప్యూటర్ మొత్తుకుంటే ఏది ఉంచాలో ఏది తీయాలో తెలియక తల పట్టుకున్న నా ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుందనుకుంటాను.

పెళ్లయిన కొత్తలో మేము ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ క్వార్టర్సులో ఉండేవాళ్లం. ఆయనవి షిఫ్టు డ్యూటీలు. ఆయన వచ్చేవేళకు నేను వంటింట్లో, నాకు తీరిక దొరికేవేళకు ఆయన నిద్రలో. మంగళగిరిలో మగ్గాల చప్పుడు మధ్య, ఇంటినిండా మనుషుల మధ్య పెరిగినదాన్ని, ఆ రెండు గదుల్లో పలకరించే దిక్కులేక కిటికీల మీద బూడిద తుడుచుకుంటూ పొద్దుపుచ్చేదాన్ని. ఆయన చెడ్డవారు కాదు, కోపిష్టి అంతకన్నా కాదు, మాటల్లో మాత్రం మహా పిసినారి. "కాఫీ", "వస్తా" అన్న రెండు మాటలతో రోజంతా వెళ్లదీయగలరు.

డిపార్ట్‌మెంటు పరీక్షలకు చదువుకోవాలని ఆయన కంప్యూటర్ కొన్నారు. దానితోపాటు వచ్చిన సీడీల్లో ఒక ఆట ఉండేది. ఇల్లు కట్టి, అందులో మనుషుల్ని పెట్టి, వాళ్ల తిండీ నిద్రా చూసుకోవడమే ఆట. ఇల్లూ మనుషులూ అన్నీ దొరల తీరే. ఆ ఫోల్డరులోని బొమ్మల ఫైళ్లు తీసేసి, అవే పేర్లతో మన బొమ్మలు పెడితే ఆటలో మనవే కనిపిస్తాయని ఇంటర్నెట్ సెంటరులో చదివి నేర్చుకున్నాను. దాన్ని మోడింగ్ అంటారని తరవాతెప్పుడో తెలిసింది. గౌన్ల మీదికి మా అమ్మ పెట్టిన మంగళగిరి చీర అంచు దించాను. పచ్చగడ్డి ఫైలు తీసి, కళ్లాపి చల్లిన మట్టి మీద చుక్కల ముగ్గు పెట్టాను. అక్కా, పిన్నీ, మేనత్తా అని నేను పేర్లు పెట్టుకున్న ఆ బొమ్మలు వాకిట్లో తిరుగుతుంటే నాకు కాస్త ఊపిరాడేది.

ఒకరోజు ఆట తెరిస్తే ముగ్గులు లేవు. వాకిలంతా వరిపొలం! మా పిన్ని కొత్తచీర కట్టుకుని నాట్లకు వచ్చినదానిలా దాని మధ్య నిలబడి ఉంది. వైరస్ కాబోలనుకుని మళ్లీ ముగ్గు పెట్టాను. రెండు రోజులకు మళ్లీ వరి. ఇలా కొన్నాళ్లు నడిచాక, ఒక సాయంత్రం ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని, నా వంక చూడకుండా, "ఆ ముగ్గులు నువ్వేనా పెట్టింది?" అన్నారు.

"వరి నాటింది మీరాండీ?" అన్నాను.

పెళ్లయ్యాక ఇద్దరం కలిసి నవ్వింది అప్పుడే. పరీక్షల పేరు చెప్పి ఆయన కూడా గుడివాడ దగ్గర వాళ్ల ఊరి పొలాన్ని ఆటలో తయారుచేసుకుంటున్నారట. ఇద్దరం పట్టుకున్నది ఒకే గడ్డి ఫైలు, ఎవరు చివర పెడితే వాళ్లదే నిలిచేది. నా దెబ్బకు ఆయన పొలం గట్లదాకా ముగ్గులే పరుచుకునేవట పాపం.

ఎవరు ఆడేటప్పుడు వాళ్ల ఫైలుకు అసలు పేరు పెట్టి, రెండోదాని పేరు మార్చి పక్కన ఉంచాలని ఒప్పందం చేసుకున్నాం. అసలు తంటా చోటుతోనే వచ్చింది. చిన్న డిస్కు, ఇద్దరి సరుకూ పట్టేది కాదు. కొత్తది ఏది తెచ్చినా పాతది ఒకటి తీయాల్సిందే. అందుకని వారానికోసారి ఆయన సెలవునాడు కుర్చీలో ఆయన, పక్కన స్టూలు మీద నేను పంచాయితీకి కూర్చునేవాళ్లం. "ముందు నీ ఉయ్యాల తియ్యి" అని ఆయనంటే, "మీ గేదెను తోలండి ముందు" అని నేను. ఆ గడ్డివామి చాలా చోటు తింటోంది, తీసేద్దామండీ అన్న రోజున మాత్రం ఆయన మౌస్ మీది చెయ్యి తీసేశారు. తన చిన్నప్పుడే పోయిన వాళ్లమ్మ ఆ వామి నీడన కూర్చోబెట్టుకుని అన్నం ముద్దలు పెట్టేదని చెప్పారు. అంతవరకు ఆవిడ ఊసు నాతో ఎత్తనే లేదు. గడ్డివామి ఉండిపోయింది, నా పందిరిమంచం నేనే తీసేశాను. ఏది తీయాలన్న ఆ తగువుల్లోనే నేను ఆయన్నీ, ఆయన నన్నూ తెలుసుకున్నాం.

పెళ్లిరోజుకు ఆయన బెజవాడ వెళ్లి పెద్ద డిస్కు కొనుక్కొచ్చారు. ఆటను రెండుసార్లు ఎక్కించి, నీ ఫోల్డరు నీది, నా ఫోల్డరు నాది అని పంచి, "ఇంక మనకి గొడవే లేదు" అన్నారు, మొహం వెలిగిపోతూ. ప్రేమతోనే తెచ్చారు, నేనూ సంతోషంగానే పాయసం వండాను.

తరవాతి సెలవునాడు అలవాటుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను. తీయాల్సింది ఏమీ లేదు. ఆయన తన పొలం చూసుకుంటున్నారు. కాసేపు చూసి నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. పిచ్చిదాన్ని, ఆ డిస్కు ఎలాగైనా నింపాలని ఇంట్లో ఉన్న సీడీలన్నీ, ఒక్కోటి రెండేసిసార్లు, ఎక్కించాను. ఎంత పోసినా నిండలేదు. మీతో కూర్చోవాలని ఉందండీ అని నోరు తెరిచి అడగవచ్చు కదా అంటారేమో. సిగ్గేసింది. ఆ సిగ్గు తీరేలోపు ఒంటరిగా ఉండటం అలవాటైపోయింది.

ఇప్పుడు ఆటల్లో మనం మార్చిపెట్టే ఈ మోడ్లు వాటంతటవే సర్దుకుంటాయట, రెండు ఫైళ్లు ఢీకొంటే ప్రోగ్రామే తీర్పు చెప్పేస్తుందట. నేనిది రాస్తుంటే ఆయన పక్క గదిలో తన ఫోనులో ఏదో చూసుకుంటున్నారు. బంధువుల్లో ఏ కొత్త జంట పేచీ పడినా మమ్మల్నే చూపిస్తారు, ఇన్నేళ్ల కాపురంలో వీళ్లు ఒక్కనాడైనా గొడవపడ్డారా అని. నేను నవ్వి ఊరుకుంటాను. గొడవ పడాలన్నా ఇద్దరూ ఒకచోట కూర్చోవాలి కదా.