రెండో ప్రతివాది రొట్టె

“ఓ బిడ్డా! నువ్వు గీడ కూసున్నవా? రొట్టె తిన్నవా మరి?” నిండు కోర్టులో అవ్వ అలా పలకరించిన క్షణాన, నా ఉద్యోగానికి ముప్పు వచ్చిందని అర్థమైంది.

ఆ రోజుల్లో నాకు లా డిగ్రీ కొత్త, భయం పాతది (భయం ఇప్పటికీ ఉంది, డిగ్రీ కాగితమే ఎక్కడుందో వెతకాలి). కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ వెళ్లి ఒక జడ్జి గారి దగ్గర లా క్లర్కుగా చేరాను. కేసు కట్టలు చదివి, ఎవరి వాదనేమిటో ఆయనకు క్లుప్తంగా రాసివ్వాలి. “వకీళ్లతో చాయ్ వద్దు, కక్షిదారులతో ముచ్చట్లు వద్దు” అన్నారాయన. ఆ ఇద్దరూ పోతే కోర్టులో మిగిలేవి కుర్చీలే. గదికొచ్చాక ఫ్యానుతో మాట్లాడేదాన్ని. అలాంటప్పుడు కోర్టు వరండా బెంచీ మీద, ఇచ్చోడ ఊరి నుంచి వచ్చే అవ్వ ఒకామె నా పక్కన చేరింది. “ఒక్కదానివే తింటే పెయికి పట్టది బిడ్డా” అంటూ జొన్నరొట్టె, పచ్చిమిర్చి దంచిన ఠేచా నా డబ్బాలో వేసేది. “నీ పప్పుల ఉప్పే లేదు, మీ అమ్మ నేర్పలేదా?” అని దెప్పేది. కోర్టుకు ఎందుకొస్తున్నావని నేను అడగలేదు. అడిగితే పక్కన కూర్చోవడం మానేస్తుందేమోనని భయం. బంగారంలాంటి అవ్వ దొరికిందని మా బాపుకు ఫోన్లో చెప్పాను. ఆ వారమే ఒక చేను గట్టు తగాదాలో ‘రెండో ప్రతివాది వట్టి మొండి మనిషి’ అని జడ్జి గారికి రాసిచ్చాను. పేరు పిలిచినప్పుడు అవ్వ లేచి నిలబడ్డాకే తెలిసింది, ఆ ఇద్దరూ ఒకరేనని.

అవతలి వకీలు కళ్లద్దాలు తీసి మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. జడ్జి గారు వాయిదా వేసి లేచారు. ఆయన గదిలో ఏడుస్తూ అంతా చెప్పేశాను. “నువ్వు రాసింది పక్కన పెడుతున్న. ఇద్దరు వకీళ్లకూ నేనే చెప్త. ఇగ ఆ కట్ట ముట్టకు, ఆమె పక్కన కూసోకు” అన్నారు. బతికాననుకుని తలుపు దాటబోతుంటే వెనకనుంచి, “ఠేచాల పల్లీలేసిందా?” అని అడిగారు. (ఆ ఊళ్లో ఆయనా ఒక్కరే తింటారని అప్పటిదాకా నాకు తట్టలేదు.)

ఇక పక్కన కూర్చోవద్దన్నారని చెప్తే, “రొట్టె తింటే గట్టు జరుగుతదా?” అని అవ్వ గుర్రుమంది. అయినా వెళ్లి వరండా అవతలి చివర కూర్చుంది. తినే ముందు రొట్టె ఎత్తి నాకు చూపించేది. నేను నా ఉప్పులేని పప్పు గిన్నె ఎత్తేదాన్ని. కేసు తేలేదాకా అలాగే తిన్నాం. తర్వాత ఆ చివర బెంచీ ఖాళీ.

మొన్న మా పెద్ద బిడ్డ కొత్త బడి నుంచి డబ్బా విప్పకుండానే తెచ్చింది. “నాతోని ఎవ్వరు కూసోలే” అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున పిల్లలిద్దరి డబ్బాలూ కడుతూ చెప్పాను: “తినే ముందు రొట్టె జర పైకెత్తుండ్రి. ఎదురుంగ ఎవరో ఒకరు చూస్తరు.”

“ఎవ్వరు చూడకపోతే?” అంది పెద్దది.

“గా టైముకు నేను గీడ ఎత్తుత. ఫికర్ చెయ్యకు.”