మిల్లు గేటు కాడ నేనేసిన ఒట్టు

ఒక మాట శానా ఏండ్లుగా కడుపులో పెట్టుకొని తిరుగుతాండా. బరువు తగ్గుతాదేమో అనుకున్నా. వయసు మీద పడేకొద్దీ పెరుగుతాండాది. నా భార్యకు కూడా చెప్పలేదు. ముక్కూ మొగం తెలీని నీకు చెప్తాండా.

మైదుకూరు రోడ్డు మీద మాది సర్కారు నూలు మిల్లు. దాన్ని ప్రైవేటోళ్లకు అమ్ముతాండారని తెలిసినాక అందరం గేటు ముందర టెంటు వేసి కూర్చున్నాం. యూనియన్‌కు నేనే పెద్ద. నా మాటంటే అందరికీ గురి.

ఒకరోజు కొనేవాళ్ల మనిషి నన్ను గెస్ట్‌హౌస్‌కు పిలిపించినాడు. టీ ఇచ్చి నింపాదిగా చెప్పినాడు. పాతోళ్లను ఎవరినీ ఉంచుకోరంట. నేను జనాన్ని గేటు కాడ నుంచి లేపితే నన్నొక్కణ్ణి సూపర్‌వైజరుగా పెట్టుకుంటారంట. లేచి వచ్చేయాల కదా? కూర్చునే ఉన్నా. టీ తాగినా.

తిరిగొస్తే మస్తాన్ ఎదురొచ్చినాడు. నాతోపాటే మిల్లులో చేరినోడు.

"అన్నా, నిజం చెప్పు. మా పనులు ఉంటాయా?"

"ఉంటాయప్పా. నా బిడ్డల మీద ఒట్టు."

అంత సులువుగా ఆ మాట నా నోట ఎట్లొచ్చింది? ఇప్పటికీ నమ్మలేకున్నా. నా ఒట్టు నమ్మి ఆ పొద్దే అందరూ టెంటు విప్పేసినారు. తాళ్లు విప్పింది మస్తానే.

మిల్లు చేతులు మారినాక గేటు కాడ కొత్త వాచ్‌మెన్లు. నన్ను లోపలికి వదిలి మస్తాన్‌ను, మిగతా పాతోళ్లను ఆపినారు. మస్తాన్ ఏదో పొరపాటనుకొని, మా అన్నను అడగండని వాళ్లకు చెప్తానే ఉన్నాడు. నాకు వినబడతానే ఉంది. వెనక్కి తిరగలేదు.

మిషన్లు చూపించేదానికి నన్ను ఉంచుకున్నారని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చినా.

మస్తాన్ ఎర్రగుంట్లలో నాపరాళ్లు మోసే పనికి పోయినాడు. ఒకసారి సంతలో కనబడినాడు. తిడతాడనుకున్నా, కొడతాడనుకున్నా. నా భుజం మీద చెయ్యేసి, "నిన్ను కూడా మోసం చేసినారు కదన్నా" అన్నాడు.

అప్పుడన్నా చెప్పచ్చు కదా? అవునని తలూపినా. ఒట్టు కంటే ఆ తలూపడమే పెద్ద పాపమేమో, నాకు తెలీదు.

ఆ జీతంతోనే పిల్లల్ని చదివించుకున్నా. మళ్లీ అదే గెస్ట్‌హౌస్‌లో కూర్చోబెడితే ఈసారి లేచి వస్తానా? అదీ ఖాయంగా చెప్పలేను.

మస్తాన్‌ను మోసం చేసింది నేను. తెలిసే చేసినా. ఇట్ల పైకి అనడం ఇదే మొదలు. క్షమించమని అడగను. ఇన్నేండ్లకు ఊపిరి ఆడతాండాది.