వీర్రాజు మేస్త్రి కొన్న రంపం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది ఆషాఢంలో నన్ను రాజమండ్రికి బదిలీ చేశారు. హోదా ఏరియా సేల్స్ మేనేజరు, పరిధి ఉభయగోదావరి జిల్లాలు. పదవీ విరమణకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. మా కంపెనీ విదేశాల నుంచి ఖరీదైన వడ్రంగి పనిముట్లు తెప్పించి అమ్మేది. జపాను ఉలులు, ఇనుప చిత్రికలు, లోహపు బద్ద మీద జారుతూ వెంట్రుకవాసి తేడా లేకుండా కోసే రంపం మిషన్లు. ఇవి మామూలు హార్డ్‌వేర్ కొట్లో నడిచే సరుకు కాదు. మా ఒక్క ఉలి ధర విని మొదటిసారి వచ్చిన మేస్త్రి నవ్వి వెళ్ళిపోతాడు. రెండోసారి వచ్చేలా చేయగలిగినవాడే డీలరు.

రాజమండ్రిలో మా డీలరు సత్యవతి గారు. గోదావరి స్టేషన్ వైపు వెళ్ళే సందులో ఇరుకైన కొట్టు. దాన్ని పెట్టింది ఆవిడ భర్త భాస్కరరావు గారు. కరోనా రెండోసారి విజృంభించినప్పుడు ఆయన పోయారు. అంతకుముందు చాలా ఏళ్ళుగా ఆవిడ ఆయన పక్కనే కూర్చుని వ్యాపారం చూసినావిడే కనుక, పదమూడో రోజు దాటాక కొట్టు తలుపులు తీశారు. ఏ చెక్క మీద పని చేస్తారో అడగకుండా ఆవిడ ఎవరికీ ఉలి ఇచ్చేవారు కాదు. కొన్న ప్రతి మేస్త్రికీ ఒక అట్టముక్క రాసి పెట్టేవారు: పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఏం కొన్నాడు, తలుపులు చేస్తాడా, పడవలు చేస్తాడా.

ఆ వివరాలే వారంటీ నమోదు కోసం మాకు పంపేవారు. మా వృత్తిలో దీనికి ప్రాముఖ్యం ఎక్కువ. కంపెనీ డీలరుకి సరుకు పంపితే అది సగం అమ్మకమే. మేస్త్రి చేతికి చేరి, మిషన్ నంబరు అతని పేరు మీద నమోదైతేనే పూర్తి అమ్మకం. సెకండరీ సేల్ అంటాం. డీలరు ఉండాలో పోవాలో తేల్చేది ఆ అంకె.

దసరాకి హైవే మీద కొత్త షోరూము తెరిచారు. పెద్ద పెట్టుబడి ఉన్న గొలుసు దుకాణాల సంస్థది. మా సరుకు కూడా పెడతామన్నారు, పై ఆఫీసు సంతోషంగా ఒప్పుకుంది. తెరవబోయే ముందు జోనల్ మేనేజరు, అంటే నా పై అధికారి, ఒక మెయిల్ పంపారు: రెండు జిల్లాల్లో మన పనిముట్లు వాడేవాళ్ళ జాబితా కొత్త షోరూముకి ఇవ్వండి, ఆహ్వానాలు పంపుకుంటారు. నా కంప్యూటర్‌లో సత్యవతి గారి అట్టముక్కల వివరాలన్నీ ఉన్నాయి. ఆవిడని అడగాలని తోచింది. మళ్ళీ ఇది కంపెనీ రికార్డే కదా అనుకున్నాను. ఆ సాయంత్రమే పంపేశాను.

సంక్రాంతి దాటేసరికి సత్యవతి గారి అమ్మకాలు పడిపోయాయి. భీమవరంలో ఉన్న మరో డీలరు తనంతట తానే డీలర్‌షిప్ వదులుకుని ఐసు ఫ్యాక్టరీల సామాను వ్యాపారంలోకి వెళ్ళిపోయాడు. కొత్త షోరూము నమోదులు మాత్రం నెలనెలా పెరుగుతున్నాయి. ఎండలు ముదిరాక ఉత్తర్వు వచ్చింది: రాజమండ్రి పాత డీలర్‌షిప్ రద్దుకు సిఫార్సు రాసి పంపండి. రాసే ముందు రెండు కొట్లూ ఒకసారి చూడాలనుకున్నాను.

షోరూముకి వెళ్ళింది మధ్యాహ్నం రెండింటికి. ఏసీ చల్లగా ఉంది. గోడల నిండా పనిముట్లు, ఒక్కోదాని మీద ఒక్కో దీపం. బూడిదరంగు ఆప్రాన్లు కట్టుకున్న ముగ్గురు ఉద్యోగులు మాట్లాడకుండా నిలబడి ఉన్నారు. చెక్క పనిముట్ల కొట్లో ఎక్కడో ఒకచోట రంపపు పొట్టు రాలి ఉంటుంది, టేకు వాసనైనా ఉంటుంది. అక్కడ ఏ వాసనా లేదు. ఒక చిత్రిక చేతిలోకి తీసుకుని చూశాను. దాని బ్లేడు మీద ఫ్యాక్టరీలో పూసిన నూనె అలాగే ఉంది. ప్రయత్నించి చూడమని ఎవరికీ ఇచ్చినట్టు లేదు.

మేనేజరు కిరణ్ ముప్పై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. అతని వెనక గోడ మీద పెద్ద తెర ఉంది. అందులో ఆ నెల నమోదుల సంఖ్య కనిపిస్తోంది. నేను కూర్చున్న గంటలో వీధి తలుపు ఒక్కసారీ తెరుచుకోలేదు. ఫోన్ మోగలేదు. తెర మీద అంకె మాత్రం రెండుసార్లు మారింది. మారినప్పుడల్లా సన్నగా గంట కొట్టినట్టు చప్పుడైంది. ముగ్గురు ఉద్యోగుల్లో ఎవరూ తల తిప్పలేదు.

ఎవరు కొన్నారని అడిగాను. ఆన్‌లైన్ ఆర్డర్లని చెప్పాడు కిరణ్. నా ముఖంలోకి చూడకుండా చెప్పాడు. అడిగితే నమోదుల జాబితా ప్రింటు తీసి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్న ఆ కాగితాలు పట్టుకుని సత్యవతి గారి కొట్టుకి వెళ్ళాను. నా ఉద్దేశం దాచను. మీ మేస్త్రీలందరూ అటు వెళ్ళిపోయారు, చూడండి అని మెల్లగా చూపిస్తే రద్దు కబురు చెప్పడం తేలికవుతుందనుకున్నాను.

ఆవిడ ముందు తన సంగతి చెప్పారు. మేస్త్రీలు రావడం మానేశారు. దారిలో కనిపించినా తప్పుకుపోతున్నారు. చివరికి పెనుగొండ నుంచి వచ్చే ఒక మేస్త్రిని నిలదీస్తే చెప్పాడట: కొత్త షోరూము నుంచి వాళ్ళ ఫోన్లకి మెసేజులు వస్తున్నాయి. పేరు పెట్టి, ఏ ఏడాది ఏ ఉలి కొన్నారో రాసి మరీ పంపుతున్నారు. ఆ వివరాలు ఈవిడకి తప్ప ఎవరికీ తెలియవు. ఈవిడే అమ్ముకున్నారని అందరూ అనుకుంటున్నారు. అలాగని మేస్త్రీలు షోరూముకీ వెళ్ళడం లేదు. తమ ఇంట్లో ఏముందో తెలిసిన కొట్టుకి వెళ్ళాలంటే భయంగా ఉందన్నాడట ఆ మేస్త్రి.

కాగితాలు ముందు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేరు మీదా వేలు నడుపుతూ చదివారు. మొదటి పేజీ సగానికి వచ్చాక వేలు ఆగింది.

“పెద్దాపురం వీర్రాజు మేస్త్రి. ఈయన పోయి రెండేళ్ళు దాటిందండి. నేను వెళ్ళి చూసొచ్చాను,” అన్నారు.

ఆయన పేరు మీద ఆ ఏడాది మాఘమాసంలో రంపం మిషన్ నమోదై ఉంది. పొరపాటై ఉంటుందన్నాను. ఆవిడ వేలు ముందుకు కదిలింది, మళ్ళీ ఆగింది. ఈయనా పోయారండి. మరికొన్ని పేర్ల తర్వాత మళ్ళీ అదే మాట. కరోనాలో పోయిన మేస్త్రీలు ఒక్కొక్కరే ఆ కాగితాల్లోంచి పైకి వస్తున్నారు. ఒకరు చిత్రిక, ఇంకొకరు ఉలుల సెట్టు, మరొకరు మిషన్ కొన్నారు.

మూడో పేజీలో ఆవిడ కాగితం నా వైపు తిప్పి, వేలు పెట్టి చూపించారు. అక్కడ భాస్కరరావు గారి పేరు ఉంది. ఒకప్పుడు ప్రదర్శన కోసం ఉంచిన మిషన్లు ఆయన పేరు మీదే నమోదయ్యేవి, అలా మా జాబితాకెక్కారు; ఆయన ఫోన్ నంబరు ఎప్పుడో ఆగిపోయింది.

“మా ఆయన కిందటి నెల మిషన్ కొన్నారండి. నాకు చెప్పనేలేదు,” అన్నారు. ఆవిడ నవ్వలేదు. ఏడవనూ లేదు. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం కంపెనీ కారులో పెద్దాపురం బయల్దేరాం. వీర్రాజు ఇంటికి మీరొక్కరూ వెళ్తే ఆయన భార్య మాట్లాడదని చెప్పి సత్యవతి గారే వచ్చారు. మరిడమ్మ జాతరకి ఊళ్ళో పందిళ్ళు వేస్తున్నారు. వీధుల్లో సుత్తుల చప్పుడు. వీర్రాజు ఇల్లున్న వీధిలో మాత్రం సద్దులేదు.

ఆయన భార్య నూకరత్నం మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, నేను పనిముట్ల కంపెనీ మనిషినని చెప్పగానే లోపలికి వెళ్ళి ఒక ఫోన్ తెచ్చింది. అది వీర్రాజుది. గ్యాసుకీ బ్యాంకుకీ ఆ నంబరే ఇచ్చి ఉండటంతో రోజూ చార్జింగ్ పెడుతోంది, కాల్ వస్తే మాత్రం ఎత్తదు. అందులో మెసేజులు చూపించింది. ‘వీర్రాజు గారూ, కొత్త రంపం మిషన్ కొన్నందుకు అభినందనలు.’ నెల తర్వాత, ‘వీర్రాజు గారూ, మీ మిషన్ ఎలా పనిచేస్తోంది?’ ఆ తర్వాత, ‘వీర్రాజు గారూ, మీ కోసం ఎదురుచూస్తున్నాం.’

“ఆయన మిషన్ ఎక్కడుందో మీకు తెలుసాండి?” అని అడిగింది.

పోయేముందు ఆయన ఎక్కడో డబ్బు కట్టి ఉంటాడని, మిషన్ ఆలస్యంగా వచ్చి ఉంటుందని ఆవిడ అనుకుంది. షెడ్డు తాళం తీసి అంతా వెతికింది. దొరకలేదు. తాళం రెండో చెవి మరిది దగ్గర ఉంది. నువ్వే పట్టుకుపోయావని అతన్ని అడిగింది. అతను ఆ చెవి గుమ్మంలో పడేసి వెళ్ళి మళ్ళీ ఈ గడప తొక్కలేదు. మెసేజ్ వచ్చిన రోజు షెడ్డు వైపు చూడబుద్ధి కాదని, చూడకుండానూ ఉండలేనని చెప్పింది.

షెడ్డు తీయించి చూశాను. లోపల అన్నిటి మీదా దుమ్ము దట్టంగా ఉంది. బాడితలు, బరమా, సగం చెక్కిన గుమ్మం కమ్మీ, అన్నీ ఆయన వదిలినచోటే ఉన్నాయి. పని బల్ల మీద మాత్రం ఒక మిషన్ పట్టేంత మేర, నలుపలకలుగా, శుభ్రంగా తుడిచి ఉంది. ఇదేంటమ్మా అని సత్యవతి గారు అడిగారు. వస్తే పెట్టడానికండి, అంది నూకరత్నం.

అలాంటి మిషన్ ఏదీ లేదని, ఆయన కొనలేదని, ఎవరో ఆయన పేరు రాసుకున్నారని చెప్పాను. ఆవిడ రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత ఆ మాట మా మరిదికి వచ్చి చెప్తారా అని అడిగింది. రెండు వీధుల అవతల అతని ఇంటికి ముగ్గురం నడిచి వెళ్ళాం. అతను గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. లోపలికి చూసి మంచినీళ్ళు తెమ్మని కేకేశాడు. నాలుగు గ్లాసులు వచ్చాయి.

తిరుగు ప్రయాణంలో రాజానగరం దాటాక సత్యవతి గారు అడిగారు, వాళ్ళకి పేర్లు ఇచ్చింది ఎవరని. నేనే ఇచ్చానని చెప్పాను. ఊరు దగ్గరపడ్డాక ఆవిడ అన్నారు:

“అడిగితే ఇచ్చేదాన్నేనండి. పోయినవాళ్ళ పేర్లు తీసేసి ఇచ్చేదాన్ని.”

ఆ వారమంతా మిషన్ నంబర్లు వెతికాను. ప్రతి మిషన్ మీదా చెక్కి ఉండే నంబరు మారదు, ఎవరి పేరు రాసినా. వీర్రాజు పేరు మీద ఉన్న రంపం వేరే రాష్ట్రంలో మా సర్వీస్ కేంద్రానికి రిపేరుకి వచ్చి ఉంది. భాస్కరరావు గారిదీ అక్కడి చుట్టుపక్కలే తేలింది. షోరూము వాళ్ళు సరుకు పెట్టెలతో సహా బయటి వ్యాపారికి తక్కువ ధరకి మళ్ళించి, మా ఒప్పందం ప్రకారం స్థానికంగానే అమ్మినట్టు చూపించడానికి నేనిచ్చిన జాబితాలోని పేర్లు వాడుకున్నారు. బతికున్నవాళ్ళ పేర్లైతే ఎవరైనా ఫోన్ చేసి అడుగుతారని భయం. ఫోన్ ఎత్తని నంబర్లు ఏరుకున్నారు. వాటిలో ఎక్కువ చనిపోయినవాళ్ళవి. మెసేజులు మాత్రం నమోదైన ప్రతి నంబరుకీ వాటంతటవే వెళ్ళిపోయాయి.

రద్దుకు సిఫార్సు రాయలేదు. దాని బదులు జరిగిందంతా రిపోర్టు రాశాను. జాబితా డీలరు అనుమతి లేకుండా నేనే ఇచ్చానన్నది మొదటి పేరాలోనే పెట్టాను. దానికి నాకు లిఖితపూర్వక మందలింపు వచ్చింది. కిరణ్‌ని తీసేశారు. ఆ పద్ధతి అతను ఒక్కడూ కనిపెట్టిందని నేను నమ్మను. షోరూము మూతపడలేదు. జాబితా శుభ్రం చేశామని జోనల్ మేనేజరు నాకు ఒక వాక్యం మెయిల్ పంపారు.

సత్యవతి గారి డీలర్‌షిప్ నిలిచింది, మేస్త్రీలు తిరిగి రాలేదు. తప్పు నాదని ఒక ఉత్తరం రాసిస్తాను, కొట్లో అతికించండి అన్నాను. ఆవిడ వద్దన్నారు. ఉత్తరం చదవాలన్నా ముందు కొట్లోకి రావాలి కదండి అన్నారు. మరుసటి ఏడాది ఆవిడే మా బోర్డు దింపేసి, ఉలులకు పదును పెట్టడం, మిషన్ల రిపేర్లు మొదలుపెట్టారు. దానికి ఎవరి పేరూ రాసుకోనక్కరలేదు. నేను రిటైరయ్యే నాటికి ఆ పని బాగానే సాగుతోంది. నాతో ఆవిడ మాట్లాడేవారు, మర్యాదగా. కూర్చోమని మాత్రం అనేవారు కాదు.

ఈ రంగంలోకి వచ్చే కుర్రవాళ్ళు నన్ను అడిగితే చెప్పేది ఇదే. కొత్త కొట్టు వచ్చినప్పుడు పాత డీలరు ధరల పోటీలో దెబ్బతింటాడని అందరూ అంటారు. నేను చూసింది వేరు. ఆవిడకి మేస్త్రీలు చెప్పుకున్న సంగతులు మేం ఇంకొకరి చేతిలో పెట్టాం, దాంతో ఆవిడ వ్యాపారం పోయింది. వారంటీ నమోదు అమ్మకానికి సాక్ష్యం కాదు. నమోదైన మిషన్‌ని వెళ్ళి కళ్ళతో చూడాలి, నంబరు చదవాలి, అది ఎవరి చేతిలో ఉందో ఆ మనిషితో మాట్లాడాలి. డీలరు రాసుకున్న పేరు కంపెనీ కంప్యూటర్‌లోకి ఎక్కినంత మాత్రాన కంపెనీది అయిపోదు. ఇవ్వాల్సి వస్తే ముందు ఆ డీలరుని అడగాలి. నేను అడగలేదు. అడగడానికి ఒక్క ఫోన్ సరిపోయేది.