రాజలక్ష్మి పగడపు మందు చూడ్డానికి రాజపాళయం వెళ్ళాను

నిజం చెప్పేస్తాను. రాజపాళయం నేను వెళ్ళింది కొండలు చూడ్డానికి కాదు, కడుపుమంట ఆపుకోలేక. కొన్నేళ్ళ కిందట తూత్తుకుడి తీరంలో నేనూ రాజలక్ష్మీ ఒకే పడవలో వెళ్ళి, పగడాల మీది జిగురును సిరంజీలతో పీల్చి తెచ్చుకున్నాం. ఆ జిగురులో బతికే బ్యాక్టీరియా తన చోటు కాపాడుకోవడానికి ఇతర బ్యాక్టీరియాను చంపే ప్రొటీన్లు తయారుచేస్తుంది. మామూలు మందులకు లొంగని పుళ్ళకు అవి పనికొస్తాయేమోనని ఇద్దరం వెతికాం. నాకు ఏమీ దొరకలేదు. తనకు దొరికింది. ఇప్పుడు దాన్ని బ్యాండేజి గుడ్డకు పట్టించిందట, వచ్చి చూడమని ఫోన్ చేసింది. వెళ్ళకపోతే ఏడుస్తున్నానని తెలిసిపోతుంది కదా, వెళ్ళాను.

విశాఖ నుంచి చెన్నై మీదుగా పొద్దున్నే మదురైలో దిగి బస్సెక్కాను. రెండు గంటల పైచిలుకు ప్రయాణం, టికెట్ వంద రూపాయల లోపే. కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే శ్రీవిల్లిపుత్తూరు దాటాక కొండలు బాగా కనిపిస్తాయి. రాజపాళయంలో తెలుగు ఇళ్ళు చాలా ఉన్నాయి, భాష గురించి భయం అక్కర్లేదు. బ్యాండేజి గుడ్డ నేతకు పేరున్న ఊరది. చోళపురం రోడ్డులో రాజలక్ష్మి మామ మగ్గాల షెడ్డుకు వెళ్ళాలన్నాను షేర్ ఆటో అతనితో.

"ఆ పాప ఇల్లా అక్కా? సముద్రంలో మందు కనిపెట్టినాది కదా! ఊరంతా అదే పేచ్చు, అదే మాట," అన్నాడు.

అక్కడే దిగి నడిచిపోదామనిపించింది.

షెడ్డులో మామగారు మాత్రం అంత సంబరంగా లేరు. "ఎన్ని తూర్లు గుడ్డ నేసి ఇచ్చినానో. ఇదే కడైసి, ఇంక ఆఖరు అని చెప్పినానమ్మా. వస్తే సరి, రాలేదంటే టీచర్ పనికి పోనీ," అన్నారు. రాజలక్ష్మి నవ్వి, నన్ను టౌన్ బస్సులో తన కాలేజీ ల్యాబుకు తీసుకెళ్ళింది.

ముందురోజు పెట్టిన ప్లేట్లు తీసింది. చీము పట్టించే బ్యాక్టీరియాను పరిచిన జెల్లీ మీద గుండ్రంగా కత్తిరించిన గుడ్డ ముక్కలు. ప్రొటీన్ పనిచేస్తే ముక్క చుట్టూ ఖాళీ వలయం కనబడాలి. ఒక్కదానికీ లేదు. "అంతా పోయినాది అక్కా," అంటూ స్టూలు మీద కూలబడింది. పైకి అయ్యో అన్నాను. లోపల నా కడుపు చల్లబడింది.

అప్పుడు ఆ ముక్కలు వచ్చిన పాకెట్టు నా కంటపడింది. దాని టేపు మీద నల్ల చారలు. ఆవిరి తగిలితేనే ఆ చారలు నల్లబడతాయి. అంటే, కత్తిరించడానికి షెడ్డుకు పంపిన ప్రొటీన్ గుడ్డను అక్కడివాళ్ళు అలవాటు ప్రకారం క్రిములు చావడానికి ఆవిరి పెట్టెలో పెట్టేశారు. ప్రొటీన్ కోడిగుడ్డులా ఉడికిపోయింది. పుట్టినప్పటినుంచీ ఈ ఊళ్ళో ప్రతి బ్యాండేజి పాకెట్టు మీదా నల్ల చారలే చూసిన రాజలక్ష్మికి అందులో వింతేం కనబడుతుంది?

నేను నోరు మూసుకుంటే చాలు. సాయంత్రం రైలుంది. తను టీచరైపోతుంది, నేను హాయిగా నిద్రపోతాను. "రాలేదు మామా," అని తను ఫోన్లో చెబుతున్నంతసేపూ ఆ పాకెట్టునే చూస్తూ కూర్చున్నాను. మిగిలిన ప్రొటీన్ సీసా పట్టుకుని తను సింకు వైపు నడిచేసరికి ఇక ఉండలేకపోయాను.

"ఆగు. ఈ చారలు చూడు."

చూసింది. "అడ కడవుళే, దేవుడా! ఆవిరి పెట్టేసినారు అక్కా!"

రైలు వదిలేశాను. ముందే ఆవిరి పట్టిన గుడ్డ తీసుకుని, చల్లారాక, వేడి తగలకుండా సన్నటి ఫిల్టర్లో వడకట్టిన ప్రొటీన్‌ను ఇద్దరం చుక్కలు చుక్కలుగా వేశాం. మర్నాడు మూత తీస్తే ప్రతి ముక్క చుట్టూ వలయం. "నువ్వు రాకుంటే దీన్ని పారబోసి ఉందును," అని రాజలక్ష్మి నన్ను పట్టుకుని ఏడ్చింది. స్కేలు పెట్టి కొలిచింది నేనే. ఒక్కో వలయాన్నీ రెండేసిసార్లు కొలుస్తుంటే సంతోషమనుకుంది.

ప్లేటులో పనిచేసినంత మాత్రాన మందు అయిపోయినట్టు కాదు, ముందు ఇంకా చాలా పరీక్షలున్నాయి. అయినా మొదటి మెట్టు తనదే. నోరు విప్పాక నా కుళ్ళు పోతుందనుకున్నాను. పోలేదు. అలాంటి వలయం కోసం నేనూ ఏళ్ళ తరబడి మూతలు తీసి చూశాను, చివరికి చూసింది తన ప్లేటులో. ఇక సలహా ఒక్కటే: ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళు అదే సాయంత్రానికి తిరుగు టికెట్ తీసుకోకండి. వలయం రావడానికి ఒక రాత్రి పడుతుంది, నాలాంటివాళ్ళకు నోరు పెగలడానికీ కొంత టైం పడుతుంది.